జుట్టంతా పోయింది, గడ్డెందుకు పోలేదు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు మండలం. మగ్గం మీద బతికే ఇల్లు. మా అమ్మకు 53 ఏళ్లు. ఎడమ రొమ్ములో నాలుగు సెంటీమీటర్ల గడ్డ వచ్చింది. బయాప్సీ చేస్తే ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌కు ముందే కీమో మొదలుపెట్టారు. మూడు వారాలకోసారి నాలుగుసార్లు ఎర్రమందు, ఆ తర్వాత వారం వారం ఇంకో మందు పన్నెండుసార్లు అని చెప్పారు. ఎర్రమందు రెండుసార్లు అయింది. అమ్మ తలలో ఒక్క వెంట్రుక మిగల్లేదు. గడ్డ మాత్రం ఇంకా రెండున్నర సెంటీమీటర్లు ఉంది. ‘మంచివాటిని చంపి చెడ్డదాన్ని వదిలేసే మందు నాకెందుకు’ అంటూ అమ్మ మూడో డోసుకు రానంటోంది. గడ్డ మందుకు అలవాటుపడిపోయిందని మా పెద్దమ్మ అంటుంది. మందు జీన్స్‌ను తెంచేస్తుంది కాబట్టి రేపు మన పిల్లలకూ ఇదే వస్తుందని మా బావ అంటాడు. తిప్పతీగ కషాయం పట్టమని ఇంకొకరు. ఇవి చాలవన్నట్టు డాక్టరుగారు బీఆర్‌సీఏ పరీక్ష రాశారు. వచ్చేసిన జబ్బుకు ఇంకా పరీక్షెందుకు? ఆ మందు లోపల ఏం చేస్తుందో అమ్మకు అర్థమయ్యేలా చెప్పండి మేడమ్.
– ఒక కూతురు

సమాధానం: మూడో డోసు ఏ తేదీనో నువ్వు రాయలేదమ్మా. కాబట్టి ముందు ఆ మాటే చెబుతాను. ఆ తేదీ తప్పించకండి. కారణాలు ఆస్పత్రికి వెళ్లే దారిలో ఆటోలో చదువుకున్నా సరే.

నేను కీమో ఇచ్చే డాక్టర్ని కాను, పాథాలజిస్టుని. మీ అమ్మగారిలాంటి వాళ్ల రొమ్ము నుంచి తీసిన ముక్క నా బల్ల మీదకు వస్తుంది. దాన్ని పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాయడం నా పని. మందు ఎక్కిన గడ్డ లోపల ఎలా ఉంటుందో రోజూ చూస్తుంటాను కాబట్టి నీ ప్రశ్న నాకు నచ్చింది. ‘జుట్టు పోయింది, గడ్డెందుకు పోలేదు’ అని అడిగిన మీ అమ్మగారి లెక్కలో తప్పు లేదు. ఆ మందు చేసే పని గురించి అడగాల్సిన ప్రశ్న అదే.

మన ఒంట్లో ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది. కంటికి కనపడనంత చిన్న గదిలో అంత పొడవు దారం చుట్టి పెట్టినట్టు. కణం రెండుగా చీలాలంటే ముందు ఈ దారం మొత్తానికి ఇంకో నకలు తీయాలి. అప్పుడు చిక్కులు పడతాయి. నూలు చిలప చిక్కుపడితే మీ ఇంట్లో ఏం చేస్తారో అమ్మగారిని అడుగు. ఎంత లాగినా రాని చోట పోగును తెంచి, రెండోదాన్ని ఆ సందులోంచి తీసి, తెంచినదాన్ని మళ్లీ ముడేస్తారు. కణంలోనూ ఈ పనికి ఒక ప్రోటీన్ ఉంది, పేరు టోపోఐసోమరేజ్. డీఎన్‌ఏ రెండు పేటలనూ తెంచుతుంది, చిక్కు విప్పుతుంది, మళ్లీ అతుకుతుంది. ఎర్రమందు, అంటే డాక్సోరుబిసిన్, సరిగ్గా తెంచడానికీ అతకడానికీ మధ్యలో వచ్చి చెయ్యి పట్టేసుకుంటుంది. తెంచింది తెంచినట్టే ఉండిపోతుంది.

ఎర్రమందు అని అందరూ ఒకటిగా అంటారుగానీ మామూలుగా దాంతోపాటు రంగులేని ఇంకో సీసా కూడా ఎక్కిస్తారు. అది సైక్లోఫాస్ఫమైడ్. దీని ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన మస్టర్డ్ గ్యాస్. ఆ విషం తగిలినవాళ్లలో తెల్లకణాలు పడిపోవడం గమనించాకే, ఆ జాతి రసాయనాన్ని 1942లో అమెరికాలో ఒక లింఫ్ క్యాన్సర్ రోగికి మందుగా ఎక్కించి చూశారు. సైక్లోఫాస్ఫమైడ్ లివర్‌లోకి వెళ్లాకే మందుగా మారుతుంది. మారాక డీఎన్‌ఏ రెండు పేటలనూ ఒకదానికొకటి అంటిస్తుంది. గంజి ఎక్కువై పడుగు పోగులు అతుక్కుపోతే మగ్గం మీద నాడె ఎలా ఆడదో అలాగే నకలు తీసే పని అక్కడితో ఆగిపోతుంది. ఇది మూత్రాశయాన్ని మండిస్తుంది కాబట్టే నీళ్లు బాగా తాగమని నర్సు పోరుపెట్టేది. (ఎర్ర రంగు ఎవరూ కలిపింది కాదని అమ్మగారికి చెప్పు. ఇటలీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు అది, రంగు పుట్టుకతోనే ఉంది. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే. అంతకు మించి సాగితే మాత్రం చెప్పాలి.)

ఇంతవరకూ తెంపడం, అంటించడం. చావు ఇంకా రాలేదు. మందు మంచి కణాన్నీ తెంపుతుంది, చెడ్డ కణాన్నీ తెంపుతుంది, దానికి ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే తెలివి లేదు. చావాలా బతకాలా అన్నది పోగు తెగిన తర్వాత ఆ కణమే తేల్చుకుంటుంది. జుట్టుకూ గడ్డకూ తేడా వచ్చేది అక్కడే.

డీఎన్‌ఏ తెగిన కొద్ది నిమిషాల్లోనే ఏటీఎం అనే ప్రోటీన్ ఆ కొసలను పట్టేస్తుంది. (మన బ్యాంకు ఏటీఎంకూ దీనికీ చుట్టరికం లేదు.) తెగిన చోటికి అటూ ఇటూ గుర్తులు పెడుతుంది. పరిశోధనశాలల్లో ఆ గుర్తులకు వెలుగునిచ్చే రంగు అద్ది చూస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు కళ్లు తీయలేదు. నల్లటి తెర మీద నీలం గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో పచ్చటి చుక్కలు. కార్తీక పౌర్ణమి రాత్రి పెన్నలో వదిలిన దీపాల్లా ఉంటాయి. ఆ దీపాల్లో ఒక్కొక్కటీ ఒక్కో తెగిన చోటు.

గుర్తు పడగానే కబురు పీ53 అనే ఇంకో ప్రోటీన్‌కు వెళ్తుంది. మంచి నేతగాడు పోగు తెగిన చప్పుడు వినగానే నాడె ఆపేస్తాడు కదా. పీ53 చేసేదీ అదే, కణం చీలడాన్ని ఆపుతుంది. అతకగలిగితే అతికిస్తుంది. అతకలేనన్ని చోట్ల తెగితే, ఈ చీర ఇక పనికిరాదని కణాన్ని దానంతట అదే చచ్చిపోయేలా చేస్తుంది. వెంట్రుకల కుదుళ్లలో కణాలు ఒంట్లోకెల్లా వేగంగా చీలే వాటిలో ఉంటాయి. కాబట్టి వాటికి దెబ్బ ఎక్కువ. పైగా వాటి పీ53 గట్టిగా పనిచేస్తుంది, అందుకే మాట విని చచ్చిపోతాయి. 2000లో ఎలుకల మీద ఒక పరీక్ష చేశారు. పీ53 లేకుండా పుట్టించిన ఎలుకలకు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే వాటి జుట్టు ఊడలేదు. మామూలు ఎలుకలకు ఊడింది. అంటే మీ అమ్మగారి జుట్టు రాలింది ఆ కణాలు బలహీనమై కాదు, క్రమశిక్షణ ఉండి. కుదుళ్లలో మూలకణాలు మిగిలే ఉంటాయి కాబట్టి కీమో అయిపోయిన కొన్ని నెలలకు జుట్టు మళ్లీ వస్తుంది. మొదట్లో కొంచెం రింగులు తిరిగి రావడం కూడా మామూలే. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. జుట్టు బాగా ఊడితే గడ్డ మీద కూడా మందు బాగా పనిచేస్తున్నట్టు కాదు, ఊడకపోతే చేయనట్టూ కాదు.

ఇక గడ్డ సంగతి. ట్రిపుల్ నెగటివ్ అంటే రెండు హార్మోన్ల గ్రాహకాలూ, హెర్2 అనే ప్రోటీనూ మూడూ లేని రకం. ఆ గడ్డల్లో అత్యధిక శాతం, దాదాపు నూటికి ఎనభై, పీ53 పాడైపోయినవే. పోగు తెగినా వాటికి చప్పుడు వినపడదు. నాడె ఆడిస్తూనే ఉంటాయి. తెగిన దారాలతోనే నకలు తీసి, తెగిన దారాలతోనే చీలబోతాయి. చీలేటప్పుడు రెండు పక్కలకూ పంచాల్సిన డీఎన్‌ఏ ముక్కలు ముక్కలుగా విడిపోయి, కొన్ని అటూ ఇటూ చేరక మధ్యలోనే చిక్కుకుంటాయి. అక్కడ చస్తాయి. కొన్ని మొదటిసారే, కొన్ని రెండు మూడుసార్లు చీలబోయాక. కుదురు కణం తొందరగా పోతే గడ్డ కణం తంటాలు పడి పడి పోతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుందిగానీ, ఆగడం తెలియని ఈ గుణం వల్లే ట్రిపుల్ నెగటివ్ గడ్డలు చాలాసార్లు కీమోకు బాగా లొంగుతాయి. హార్మోన్ రకం గడ్డల్లో పీ53 చెడకుండా ఉండటం ఎక్కువ. అవి దెబ్బ తగలగానే పని ఆపేసి, చావకుండా ముసలివాటిలా మూలన కూర్చుండిపోవడం కూడా ఉంటుంది.

మందు మధ్యలో ఉండగా తీసిన ముక్కలో నాకు కనపడేది ఇదే. గడ్డ కణాలు ఉండాల్సినదానికంటే రెండు మూడింతలు ఉబ్బి ఉంటాయి. మధ్యలో కేంద్రకం మామూలుగా అయితే చింతగింజలా నున్నగా ఉండాలి. అది వంకరలు తిరిగి, మొటిమలు తేలి, ఒక్కోచోట రెండు మూడు కేంద్రకాలు ఒకే కణంలో ఇరుక్కుని ఉంటాయి. చుట్టూ నురుగులా కనపడే పెద్ద కణాలు చేరి చచ్చినవాటిని మింగుతుంటాయి. అవి మన ఒంటి పారిశుద్ధ్య కార్మికులు. ఖాళీ అయిన చోట గట్టి మచ్చ కండ పేరుకుంటుంది. చేత్తో నొక్కితే ఆ మచ్చ కూడా గడ్డలాగే తగులుతుంది. ‘ఇంకా గడ్డ ఉంది మేడమ్’ అని సర్జన్ పంపిన ముక్కలో ఎన్ని చోట్ల కోసి చూసినా ఒక్క క్యాన్సర్ కణం దొరకని రోజులు నాకు ఉన్నాయి. ఇలాంటి కీమో మొత్తం పూర్తి చేసుకున్న ట్రిపుల్ నెగటివ్ వాళ్లలో నూటికి ముప్పై నలభై మందిలో అలా జరుగుతుంది.

ఇంకో లెక్క. నాలుగు నుంచి రెండున్నరకు వచ్చిందంటే సగం కూడా తగ్గలేదని మీ అందరి బెంగ. గడ్డ గీత కాదమ్మా, ఉండ. పొదలకూరు నిమ్మకాయను, పక్కన రేగుపండును పెట్టి చూడు. అడ్డం కొలిస్తే తేడా కొంచెమే, చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. నాలుగు సెంటీమీటర్ల ఉండ రెండున్నరకు వచ్చిందంటే దాని మొత్తంలో మూడొంతులకు పైగా పోయి పావు వంతు మిగిలినట్టు. రెండు డోసులకే అది. నేనైతే దాన్ని మంచి కబురు కిందే రాసుకుంటాను.

మీ పెద్దమ్మగారు అన్న ‘అలవాటుపడటం’ కట్టుకథేం కాదు. కొన్ని గడ్డ కణాలు మందును లోపలికి రాగానే బయటికి తోడిపోసే పంపులు పెంచుకుంటాయి. కొన్ని తెగినవాటిని అతకడంలో చేయి తిరుగుతాయి. కొన్ని ఆ సమయానికి చీలకుండా నిద్రపోతూ తప్పించుకుంటాయి. కానీ అలవాటుపడిన గడ్డ తగ్గదు. ఉన్నచోటే ఉంటుంది, లేదా పెరుగుతుంది. మీ డాక్టరుగారు ప్రతిసారీ కొలుస్తున్నది అందుకే. నిజంగా అలా అయితే మందు మారుస్తారు. ఎర్రమందు తర్వాత ఇచ్చే వారం వారం మందు మామూలుగా పాక్లిటాక్సెల్. అది డీఎన్‌ఏ జోలికే పోదు, చీలేటప్పుడు డీఎన్‌ఏను రెండు పక్కలకూ లాగే తాళ్లను బిగించేస్తుంది. ఒక దారిలో తప్పించుకున్నది ఇంకో దారిలో దొరకాలని ఆ ఏర్పాటు.

ఒక్కో డోసు గడ్డలో ఉన్నవాటిలో కొంత భాగాన్నే చంపుతుంది, ఎంత మంచి మందైనా అంతే. మూడు వారాలు ఎందుకంటే ఎముక మూలుగలోని మంచి కణాలు అతుకులు వేసుకుని తెల్లకణాలను మళ్లీ నింపడానికి. వాటికి అది చాలు. నాలుగు, ఐదు వారాలు చేస్తే గడ్డలో మిగిలినవాటికీ తీరిక దొరుకుతుంది. ఇటలీలోని మిలాన్‌లో బొనడోనా అనే వైద్యుడి బృందం రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకున్నవాళ్లను 20 ఏళ్లు వెంటాడి చూసి 1995లో లెక్క బయటపెట్టింది. అవి వేరే మందులు, వాటిలోనూ సైక్లోఫాస్ఫమైడ్ ఉంది. అనుకున్న మోతాదులో కనీసం 85 శాతం తీసుకున్నవాళ్లకు మేలు బాగా దక్కింది. 65 శాతం కంటే తక్కువ తీసుకున్నవాళ్లు దాదాపు కీమో అసలు తీసుకోనివాళ్లతో సమానమయ్యారు. కష్టమంతా పడి ఫలం మాత్రం వదులుకోవడమంటే అదే. రక్తపరీక్షలో కౌంట్ తక్కువుందని డాక్టరే వాయిదా వేస్తే అది వేరు. భయంతోనో, పెళ్లికి వెళ్లాలనో మనం వేసుకునే వాయిదా వేరు.

మీ బావగారి మాటలో సగం తప్పు, సగం ఆయనకు తెలియకుండానే నిజం. కీమో తెంచేది మీ అమ్మగారి ఒంట్లో ఇప్పుడున్న కణాలను. నువ్వు పుట్టి ఎన్నేళ్లయింది? నీకు రావాల్సిన డీఎన్‌ఏ అప్పుడే వచ్చేసింది. ఇప్పుడు ఆవిడ చేతి నరంలోకి ఎక్కించే మందు వెనక్కి వెళ్లి నిన్నూ నీ పిల్లలనూ అంటుకోదు. అమ్మగారి విషయంలో మాత్రం ఒకటి దాచను. ఈ మందులు మంచి కణాల్లో వదిలే తప్పుల వల్ల కొన్నేళ్ల తర్వాత రక్త క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది, వెయ్యి మందిలో కొద్దిమందికి. ఎర్రమందు గుండెను కూడా బలహీనపరచొచ్చు కాబట్టే మొదట్లో టూడీ ఎకో తీసి, జీవితం మొత్తానికి ఇంత మించకూడదని లెక్కగట్టి ఇస్తారు. ఇవన్నీ తూకం వేసి చూసినా గడ్డ వైపే ప్రమాదం చాలా బరువు.

సగం నిజం ఎక్కడంటే బీఆర్‌సీఏ అనే జీన్లలో. రెండు పేటలూ తెగిన డీఎన్‌ఏను తప్పు లేకుండా అతకాలంటే, పక్కనే ఉన్న నకలును చూసి పోగు పోగుకూ సరిచూసుకుంటూ నేయాలి. మాసిపోయిన డిజైన్‌ను అదే డిజైన్ ఉన్న రెండో చీర ఎదురుగా పెట్టుకుని నేసినట్టు. ఈ పనిలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 ముఖ్యులు. పుట్టుకతోనే వీటిలో ఒకటి పాడై ఉంటే ఆ ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఎక్కువగా కనపడతాయి. బీఆర్‌సీఏ1 పాడైన ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 70 దాకా ఉంటుంది. అలాంటివాళ్లకు వచ్చే గడ్డలు చాలావరకు ట్రిపుల్ నెగటివ్. అందుకే మీ అమ్మగారికి పరీక్ష రాశారు, ఊరికే కాదు.

ఆ పరీక్ష అమ్మగారి వైద్యానికీ పనికొస్తుంది. అతికే దారి లేని గడ్డకు కార్బోప్లాటిన్ లాంటి డీఎన్‌ఏను దెబ్బతీసే మందులు మరింత గట్టిగా తగులుతాయి. ఒలాపరిబ్ అనే మాత్ర ఉంది, అది మిగిలిన ఇంకో అతుకు దారిని మూసేస్తుంది. మంచి కణానికి బీఆర్‌సీఏ ఒక కాపీ అయినా ఉంది కాబట్టి తట్టుకుంటుంది, గడ్డకు రెండూ పోయాయి కాబట్టి తట్టుకోలేదు. గడ్డను చూసి మంచి కణాన్ని వదిలేసే మందు కావాలని కదా అమ్మగారు అడిగింది. పరీక్ష పాజిటివ్ వస్తే ఆవిడ అడిగినదానికి చాలా దగ్గరగా ఉండే మందు ఇదే. ఇక అమ్మగారికి పాజిటివ్ వస్తే నీకు, నీ తోబుట్టువులకు, మగపిల్లలతో సహా, ఆ తప్పు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ముందే తెలిస్తే నీకు ఏటా ఎమ్మారై స్కాన్ లాంటివి చిన్న వయసులోనే మొదలుపెట్టొచ్చు. పరీక్ష మామూలు రక్తంతోనే, ఒక్కసారి చేస్తే చాలు.

తిప్పతీగ వద్దు. 2021లో కృష్ణపట్నం మందు కోసం కిలోమీటర్ల కొద్దీ బారులు చూసిన జిల్లా మనది, చెట్టు మందు మీద మనకున్న నమ్మకం నాకు కొత్త కాదు. కానీ కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి లివర్ వాచిపోయిన కేసులను ముంబై వైద్యులు పత్రికల్లో రాశారు. ఎర్రమందును ఒంట్లోంచి పంపేది లివర్, సైక్లోఫాస్ఫమైడ్‌ను మందుగా మార్చేదీ లివరే. దాన్ని ఇప్పుడు కదపకూడదు. ‘యాంటీఆక్సిడెంట్’ అని రాసి ఉన్న మాత్రల డబ్బాలు కూడా కీమో అయ్యేదాకా పక్కన పెట్టండి. పండ్లు, కూరగాయలు, పప్పు, గుడ్డు మామూలుగా తినొచ్చు.

తిండి అనగానే గుర్తొచ్చింది. చేపల పులుసు తినొచ్చా అని మన నెల్లూరులో అడగని పేషెంటు లేరు. తినొచ్చు, ఆ రోజు వండింది ఆ రోజే. మనకేమో పులుసు మర్నాటికే రుచి. డోసు ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఆ వారం బయట పెట్టిన మర్నాటి పులుసు మాత్రం మీరు తినండి, ఆవిడకు పెట్టకండి. నోరు పూసి ఉంటే కారం తగ్గించండి. ఆ రోజుల్లో థర్మామీటర్ ఇంట్లో ఉండాలి. 100.4 డిగ్రీలు దాటితే అది అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మీకు పెన్న వంతెన దాటితే నెల్లూరే, బయల్దేరండి. ఎర్రమందు ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంటగా అనిపించినా, ఉబ్బినా వెంటనే నర్సును పిలవమని అమ్మగారికి చెప్పు. మందు నరం బయటికి కారితే చర్మం పుండవుతుంది. మొహమాటపడి ఓర్చుకునే చోటు కాదది.

చివరగా, మీరెవరూ అడగనిది ఒకటి ఉంది. గడ్డ ఇదే వేగంతో తగ్గితే, పన్నెండు వారాల మందు అయ్యేసరికి స్కాన్‌లో కూడా కనపడకపోవచ్చు. అప్పుడు ఎక్కడ కోయాలో సర్జన్‌కు, ఎక్కడ వెతకాలో నాలాంటివాళ్లకు తెలియాలంటే గడ్డ ఉండగానే దాని మధ్యలో బియ్యపు గింజ కంటే చిన్న లోహపు క్లిప్ ఒకటి పెట్టించాలి. చాలాచోట్ల బయాప్సీ అప్పుడే పెట్టేస్తారు. మూడో డోసుకు వెళ్లినప్పుడు, సూది గుచ్చకముందే, క్లిప్ పెట్టారా లేదా అని డాక్టరుగారిని అడుగు.